ఇంటి వైరింగుకు లగ్గులు, క్రింపింగ్ ప్లయరు: ఏమి చూసి కొనాలి?

ఇంటిపని (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంటి కింది అంతస్తులో గీజరుకు పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్టు గత నెలలో కాలిపోయింది. మంటలేమీ రాలేదు గానీ, స్నానాలగది దగ్గర చేపల కంపు లాంటిదేదో వస్తోందని మా అమ్మ రెండు మూడు రోజులుగా అంటూనే ఉంది. మేము డ్రైనేజీ వాసన అనుకుని ఫినాయిల్ పోసి ఊరుకున్నాము. చివరికి సాకెట్టు ముఖం గోధుమరంగుకు తిరిగినప్పుడు మెయిన్ ఆపి విప్పి చూస్తే, ఫేజు స్క్రూ దగ్గర వైరు మీది పీవీసీ పెళుసెక్కి పెంకులుగా రాలింది, లగ్గు (వైరు కొసకు తొడిగి నొక్కే లోహపు ముక్క) నల్లబడింది, ఆ లగ్గును పట్టుకుని కొద్దిగా లాగగానే వైరు ఊడి చేతిలోకి వచ్చేసింది. విచిత్రమేమిటంటే, ఇంత జరిగినా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు) ఒక్కసారి కూడా పడలేదు.

ఇప్పుడు పై అంతస్తు కడుతున్నాము. వైర్లు లాగడం అయిపోయింది, బోర్డులు బిగించడం మిగిలింది. అన్నీ ఐఎస్ఐ గుర్తున్న సన్నపోగుల రాగి వైర్లే: లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, గీజర్లకు, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్లవి. మా ఎలక్ట్రీషియన్ మంచి పనివాడే, గోడ కొట్టడంలోనూ పైపు వంచడంలోనూ అతని చేతికి వంక పెట్టలేము. కానీ లగ్గు దగ్గరికి వచ్చేసరికి కటింగ్ ప్లయరుతో రెండు నొక్కులు నొక్కి "గట్టిగానే ఉంది సార్" అంటున్నాడు. దుకాణంలో థింబుల్స్ (లగ్గులనే ఇలా అంటారు) కావాలని అడిగితే ఒక పొట్లం కట్టి ఇచ్చారు. దాని మీద తయారుచేసినవారి పేరూ లేదు, కొలతా లేదు. ఇంకొకరు లగ్గులే అక్కర్లేదు, కొసలకు సోల్డరింగ్ చేసి స్క్రూ కింద బిగిస్తే సరిపోతుందన్నారు.

మంచి లగ్గును దుకాణం కౌంటరు దగ్గరే గుర్తుపట్టడం ఎలా, ఇంటి మట్టుకు ఎలాంటి క్రింపింగ్ ప్లయరు (లగ్గును వైరు మీద నొక్కే పనిముట్టు) కొనాలి, ఎంసీబీల్లోకి వెళ్లే కొసలకు కూడా ఏదైనా తొడగాలా అన్నవి నా సందేహాలు. పనిముట్టు నేనే కొని అతని చేతికి ఇస్తాను.


ప్యానెల్‌బోర్డు (బాలానగర్, హైదరాబాదు)

ఇంటిపని గారూ, మీ ఎంసీబీ పడకపోవడంలో విచిత్రమేమీ లేదు. ఎంసీబీ చూసేది వైరులో ఎంత కరెంటు పోతోందన్నది మాత్రమే. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది, జాయింటు చెడినా అది పెరగదు, నిజానికి వెంట్రుకవాసి తగ్గుతుంది. చక్కగా నొక్కిన లగ్గులో నిరోధం మిల్లీ ఓమ్ లోపే ఉంటుంది. అదే లగ్గు వదులై పదోవంతు ఓమ్‌కు చేరిందనుకోండి, 8.7ను 8.7తో హెచ్చించి పదితో భాగిస్తే ఏడున్నర వాట్లు వస్తుంది. గీజరు తినే రెండు వేల వాట్ల పక్కన అది లెక్కలోకే రాదు, కానీ ఆ ఏడున్నర వాట్ల వేడీ బఠాణీ గింజంత చోట, గాలి ఆడని పెట్టెలో, అరగంటసేపు పుడుతుంది. వేడికి రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది, పొర కట్టేకొద్దీ నిరోధం పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. కరెంటు నేలకు కారడం లేదు కాబట్టి ఆర్‌సీసీబీ (నేలకు కారే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే స్విచ్చు) కూడా పడదు. మీ అమ్మగారి ముక్కు తప్ప ఆ ఇంట్లో దీన్ని పసిగట్టే పరికరం ఇంకేదీ లేదు.

నేను ఇరవై రెండేళ్లుగా మోటారు కంట్రోలు ప్యానెళ్లు కడుతున్నాను. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మొదటి రోజు ఒకే పని ఇస్తాను: ఒక లగ్గును కటింగ్ ప్లయరుతోను, ఇంకొకదాన్ని సరైన డై (లగ్గు కొలతకు సరిపోయే నొక్కుడు అచ్చు) ఉన్న పనిముట్టుతోను నొక్కించి, రెంటినీ వైస్‌లో పెట్టి హాక్సా బ్లేడుతో అడ్డంగా కోయించి, కోసిన ముఖాన్ని సన్నని ఎమరీ కాగితంతో రుద్ది భూతద్దం కింద చూడమంటాను. మన 2.5 వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల మందమున్న పోగులు 36 ఉంటాయి. బాగా నొక్కిన లగ్గులో ఆ 36 పోగులూ గుండ్రదనం పోయి, ఒకదానికొకటి ఒరుసుకుని, తేనెపట్టు గదుల్లా మూలలు తేలి, మధ్యలో సందు లేకుండా కనిపిస్తాయి. గాలి చొరబడనంతగా లోహం లోహంలో కూరుకుపోవడమే క్రింపింగ్ అంటే. ప్లయరుతో నొక్కినదాంట్లో గొట్టం చదునై కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, పోగులు రెండు పక్కలకూ జారుకుంటాయి, నడుమ నల్లని సందులు మిగిలిపోతాయి. పైనుంచి చూస్తే రెండూ గట్టిగానే ఉంటాయి. మీ పనివాడు అబద్ధం చెప్పడం లేదు, ఆ రోజుకు అది గట్టిగానే ఉంటుంది.

ఇక లగ్గు ఎంపిక. మంచి లగ్గు ఎలక్ట్రోలిటిక్ రాగితో చేసి, తుప్పు పట్టకుండా పైన తగరం పూత వేసినది. పొట్లాల్లో అమ్మేవాటిలో ఇత్తడివి, పూత వేసిన ఇనప రేకువి కూడా కలిసి ఉంటాయి. దుకాణానికి ఒక చిన్న అయస్కాంతం తీసుకుపోండి. అంటుకుంటే అక్కడే వదిలేయండి. తరువాత ఒక లగ్గు కొని దాని అంచును ఆకురాయితో గీకి చూడండి: లోపల ఎర్రగా ఉంటే రాగి, పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి. ఇత్తడి గట్టిది, నొక్కితే రాగి లాగా సాగి ఒదగదు, కొన్నిసార్లు అతుకు దగ్గర చీలుతుంది. ఆ అతుకును కూడా చూడాలి. రేకును గొట్టంలా చుట్టి ఊరికే వదిలేసిన లగ్గు నొక్కగానే విచ్చుకుంటుంది, మంచివాటిలో ఆ అతుకును బ్రేజింగ్ (వేరే లోహాన్ని కరిగించి అతకడం) చేసి మూసేస్తారు. లగ్గు మీద కొలత ముద్రించి ఉండాలి. 2.5-4 అని ఉంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు, 4 మిల్లీమీటర్ల స్క్రూకు అని అర్థం. డోవెల్స్, జైన్సన్ వంటి తెలిసిన తయారీలైతే ఈ తనిఖీల్లో సగం తప్పుతాయి.

ప్లాస్టిక్ తొడుగున్న లగ్గుల్లో రంగును బట్టి కొలత తెలుస్తుంది: ఎరుపు 0.5 నుంచి 1.5 వరకు, నీలం 1.5 నుంచి 2.5 వరకు, పసుపు 4 నుంచి 6 వరకు. మీ 2.5కు నీలం, 4కు పసుపు. నాలుగు వైరు నీలం లగ్గులో పట్టడం లేదని నాలుగు పోగులు కత్తిరించి దూర్చడం నేను కళ్లారా చూశాను. అలా చేస్తే ఖర్చుపెట్టి కొన్న రాగిని సరిగ్గా కొస దగ్గరే తగ్గించుకున్నట్టు.

సోల్డరింగ్ సలహాను మాత్రం పక్కన పెట్టండి. సోల్డరు మెత్తని లోహం, స్క్రూ ఒత్తిడి కింద నెలల తరబడి ఉంటే మెల్లమెల్లగా పక్కకు జారుతుంది. స్క్రూ తిరగకుండానే పట్టు వదులవుతుంది, మళ్లీ అదే కథ. పైగా సోల్డరు ఎక్కిన చోటు, ఎక్కని చోటు కలిసే దగ్గర తీగ బిరుసెక్కి, కదిలినప్పుడల్లా అక్కడే తెగుతుంది.


ఎడారిగాలి (దుబాయి, సొంతూరు జగిత్యాల)

ప్యానెల్‌బోర్డు గారు చెప్పినవన్నీ సరైనవే. అయితే ఇంటి వైరింగు వేరు, ప్యానెల్ వేరు అని ఒక మాట కలపవలసి ఉంది. నేను ఇక్కడ పదకొండేళ్లుగా భవనాల్లో వైరింగు పని చేస్తున్నాను. ఇక్కడ గోడల్లో లాగే 2.5 వైరులో 0.67 మిల్లీమీటర్ల లావున్న ఏడు పోగులే ఉంటాయి. అది బిరుసైన తీగ. పీవీసీ ఒలిచి, పోగులను కలిపి పట్టి, నేరుగా సాకెట్టు స్క్రూ కింద పెడతాము. దానికి ఏ లగ్గూ తొడగము, తొడగవలసిన అవసరమూ లేదు. మన ఊళ్లలో వాడే ముప్పై ఆరు పోగుల మెత్తని వైరుకే ఈ బాధంతా, ఎందుకంటే స్క్రూ మొన నేరుగా పోగుల మీద దిగితే అవి అటూ ఇటూ చెదిరిపోతాయి, కొన్ని తెగుతాయి.

అందుచేత ముందు మీ సాకెట్ల, స్విచ్చుల వెనుక భాగం చూడండి. స్క్రూ బిగిస్తున్నప్పుడు లోపల చిన్న పలక గానీ పెట్టె గానీ కదిలి వైరును మొత్తంగా అదిమే రకమైతే, మెత్తని వైరును కూడా నేరుగా పెట్టవచ్చు. కొసను మెలితిప్పి, సన్నగా ఉంటే మడిచి రెండింతలు చేసి, పీవీసీ అంచు టెర్మినల్ నోటికి ఆనేలా లోపలికి తోస్తే చాలు. ఎంసీబీల్లో ఎక్కువ భాగం ఇలాంటి పెట్టె రకం టెర్మినళ్లే ఉంటాయి. అలా కాకుండా ఇత్తడి గొట్టంలోకి స్క్రూ మొన నేరుగా దిగే రకమైతే తప్పకుండా కొసకు ఫెర్రూల్ (పోగులన్నిటినీ కలిపి పట్టే పలుచని గొట్టం) తొడగాలి. చవక పనిముట్టుతో సగం నొక్కిన ఫెర్రూల్ కంటే శుభ్రంగా బిగించిన ఉత్త తీగే మేలని నా అనుభవం, ఎందుకంటే సగం నొక్కిన ఫెర్రూల్‌లో స్క్రూ గొట్టాన్ని పట్టుకుంటుంది గానీ గొట్టం తీగను పట్టుకోదు.

సీలింగు ఫ్యాన్ల దగ్గర, జంక్షన్ బాక్సుల్లో తీగకు తీగ కలపవలసిన చోట్ల మెలితిప్పి టేపు చుట్టే పద్ధతి మానేయండి. వాగో వంటి లివర్ కనెక్టర్లు దొరుకుతున్నాయి. 11 మిల్లీమీటర్లు ఒలిచి, మీట ఎత్తి, తీగ పెట్టి, మీట దించడమే. 221 వరుసలో చిన్నది 4 చదరపు మిల్లీమీటర్ల వరకు తీసుకుంటుంది. అక్కడ పనిముట్టూ అక్కర్లేదు, పనివాడి చేతి బలంతోనూ పని లేదు. అయితే నకిలీలు కూడా అచ్చం అలాగే ఉంటాయి, చూసి కొనాలి.


ఇంటిపని

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయస్కాంతం పరీక్ష చేశాను. పొట్లంలోని నలభై లగ్గుల్లో ఏడు అయస్కాంతానికి అంటుకున్నాయి! మిగిలినవాటిలో మూడింటిని గీకితే రెండు ఎర్రగాను, ఒకటి పసుపుపచ్చగాను కనిపించాయి. ఒకే పొట్లంలో ఇన్ని జాతులు ఉంటాయని అనుకోలేదు.

కాలిపోయిన సాకెట్టు వెనుక భాగం చూశాను, అది స్క్రూ మొన నేరుగా దిగే రకమే. అందులో పెట్టినది ఫెర్రూల్ కాదు, పిన్ను లగ్గు. వెనుక గొట్టం, ముందు సన్నని కడ్డీలాంటి మొన. కొత్తగా కొన్న సాకెట్లలో పలక రకం, మొన రకం రెండూ కలిసి ఉన్నాయి. ఇప్పుడు ఫెర్రూళ్లు, పనిముట్టు ఎలాంటివి కొనాలో కూడా కొంచెం విడమరిచి చెప్పగలరా? ఆన్‌లైన్‌లో మూడు వందల రూపాయల నుంచి పదిహేను వేల దాకా కనిపిస్తున్నాయి, చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి.


ప్యానెల్‌బోర్డు

ఎడారిగాలి గారి దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. పలక రకం టెర్మినల్‌కు ఉత్త తీగ చాలు. నేను ప్యానెళ్లలో ప్రతి కొసకూ ఫెర్రూల్ తొడిగే అలవాటుతో మాట్లాడాను. అక్కడ ఒక తీగను పదిసార్లు విప్పి బిగించవలసి వస్తుంది, ఇంట్లో అలా ఉండదు.

పిన్ను లగ్గు గురించి: మన దగ్గర సాకెట్లలోనూ ఎంసీబీల్లోనూ దీన్నే ఎక్కువగా వాడతారు గానీ, నాకు అది ఇష్టం లేదు. గట్టి కడ్డీ, గట్టి స్క్రూ ఒకదాన్నొకటి ఒక చుక్క దగ్గరో ఒక గీత వెంబడో మాత్రమే తాకుతాయి. ఫెర్రూల్ మెత్తని పలుచని రాగి గొట్టం, లోపల పోగులు ఉంటాయి కాబట్టి స్క్రూ కింద కొంచెం నలిగి టెర్మినల్ ఆకారానికి ఒదుగుతుంది, తాకే విస్తీర్ణం పెరుగుతుంది. రింగు లగ్గులను స్క్రూ పూర్తిగా ఊడివచ్చే చోట్ల వాడాలి: ఎర్తు బస్‌బారు (ఎర్తు తీగలన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీ), స్టార్టరు, ఏసీ బయటి యూనిట్ టెర్మినల్ పలక వంటివి. ముందు వైపు తెరిచి ఉండే ఫోర్కు లగ్గు అమర్చడం సులువే గానీ స్క్రూ ఒక్క చుట్టు వదులైనా జారి బయటికి వస్తుంది. ఎర్తు తీగకు మాత్రం నేను ఎన్నడూ ఫోర్కు పెట్టను.

ఫెర్రూళ్ల రంగుల్లో ఒక చిక్కు ఉంది, జాగ్రత్త. జర్మన్ ప్రమాణమైన డిన్ వరుసలో 1.5కు నలుపు, 2.5కు నీలం, 4కు బూడిదరంగు, 6కు పసుపు. ఫ్రెంచి వరుసలో 2.5కు బూడిదరంగు, 4కు నారింజ. అంటే బూడిదరంగు ఫెర్రూల్ ఒక పెట్టెలో రెండున్నరది, ఇంకో పెట్టెలో నాలుగుది అవుతుంది. రంగును నమ్మకుండా పెట్టె మీది అంకె చదవండి. గొట్టం పొడవు 8 మిల్లీమీటర్లున్న 2.5 ఫెర్రూల్‌కు తీగను 10 మిల్లీమీటర్లు ఒలవాలి. పోగులను గట్టిగా మెలితిప్పకుండా నిటారుగా దూర్చి, గొట్టం చివర పోగులు సరిగ్గా అంచు దాకా వచ్చాయో లేదో చూసి నొక్కాలి. ఒకే రంధ్రంలోకి రెండు వైర్లు వెళ్లే చోట, అంటే సాకెట్టు నుంచి సాకెట్టుకు లూపు తీసేటప్పుడు, జంట ఫెర్రూళ్లు వాడండి. ఒంటి ఫెర్రూల్‌లో రెండు తీగలు కుక్కకండి.

పనిముట్టు విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఒక్కదానితో అన్నీ నొక్కవచ్చుననుకోవడం. తొడుగున్న లగ్గులకు ఒక డై, తొడుగు లేని లగ్గులకు ఇంకొకటి, ఫెర్రూళ్లకు మరొకటి కావాలి. తొడుగున్న లగ్గుల డైలో ఎరుపు, నీలం, పసుపు చుక్కలతో మూడు గూళ్లు ఉంటాయి. ప్రతి గూడు ఒకవైపు కొంచెం చిన్నదిగా, రెండోవైపు పెద్దదిగా ఉంటుంది. చిన్న వైపు రాగి గొట్టాన్ని, పెద్ద వైపు తీగ మీది పీవీసీని నొక్కుతాయి. లగ్గును తిరగేసి పెడితే పీవీసీ నలిగిపోతుంది, రాగి వదులుగా మిగులుతుంది. ఈ ఒక్క తప్పు వల్ల మంచి పనిముట్టుతో నొక్కిన లగ్గులు కూడా ఊడివస్తుంటాయి.

మీరు చూసిన మూడు వందల రూపాయల రకం ఉత్త కత్తెర లాంటిది, ఎంత నొక్కాలన్నది చేతి బలం మీద ఉంటుంది. ఉదయం నొక్కిన మొదటి లగ్గుకూ, సాయంత్రం చెయ్యి నొప్పెట్టాక నొక్కిన వందో లగ్గుకూ పొంతన ఉండదు. రాచెట్ ఉన్నది కొనండి. నిర్ణీతమైన నొక్కు పూర్తయ్యేదాకా రాచెట్ పిడి తెరుచుకోదు, కాబట్టి సగం పని చేసి వదిలే వీలుండదు. మధ్యలో ఇరుక్కుంటే వదిలించడానికి ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని రోజువారీగా వాడటం మొదలుపెడితే మాత్రం రాచెట్ ఉన్నా లేనట్టే. డైలు మార్చుకోగల రాచెట్ ప్లయర్లు రెండు వేల లోపే వస్తున్నాయి, ఒక ఇంటికి అది చాలు. ఫెర్రూళ్లకు 0.25 నుంచి 10 వరకు తనంతట తాను సర్దుకునే రకం వేరుగా తీసుకోండి. అందులో నాలుగు వైపుల నుంచి చతురస్రంగా నొక్కేది ఒకటి, ఆరు వైపుల నుంచి నొక్కేది ఒకటి ఉంటాయి. పెట్టె ఆకారపు టెర్మినళ్లకు చతురస్రం బాగా కుదురుతుంది. నిపెక్స్, క్లౌకే, వైడ్‌ముల్లర్ వంటివి రోజూ వందల కొసలు నొక్కేవారికి డబ్బుకు తగినవే, మీకు అంత అక్కర్లేదు.

చవక ప్లయరు కొన్నా పరీక్షించకుండా గోడ మీద పనికి తీసుకుపోవద్దు. ఐఈసీ 60352-2 ప్రమాణం ప్రకారం క్రింపు చేసిన 1.5 తీగ 150 న్యూటన్ల లాగుడును, 2.5 తీగ 230 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలి, అంటే సుమారు 15 కిలోలు, 23 కిలోలు. ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాను ఉంటుంది కదా! నిండు క్యానూ ఒక ఇటుకా కలిపితే దాదాపు అంత బరువు వస్తుంది. అడుగు పొడవు తీగ ముక్కకు రింగు లగ్గు నొక్కి, దాన్ని గట్టి మేకుకు తగిలించి, తీగ రెండో కొసకు బరువు కట్టి, ఒక నిమిషం వేలాడనివ్వండి. కాలి మీద పడకుండా నేలకు రెండు వేళ్ల ఎత్తులోనే ఉంచండి. పరీక్షించిన ముక్కను మళ్లీ వాడవద్దు. ఈ అంకెలు రింగు, ఫోర్కు లగ్గులకే, ఫెర్రూల్ అంత బరువు మోయదు. జారితే ప్లయరులో డై పక్కన ఉండే చిన్న పళ్లచక్రాన్ని ప్లస్ గుర్తు వైపు ఒక గంటు తిప్పి మళ్లీ చూడండి.

ఒలవడానికి కూడా కటింగ్ ప్లయరు వాడకండి, వైర్ స్ట్రిప్పరు తీసుకోండి. ముప్పై ఆరింటిలో మూడు నాలుగు పోగులు తెగడం ప్లయరుతో మామూలే.


బోరుమోటారు (అనంతపురం జిల్లా)

మీ చర్చ ఇళ్ల గురించే అయినా పొలం దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. మాకు 5 హెచ్‌పీ మూడు ఫేజుల బోరు మోటారు ఉంది. నాలుగేళ్లలో రెండుసార్లు వైండింగు కాలిపోయింది. రెండోసారి వైండింగు చేసిన మేస్త్రి మోటారును పక్కన పెట్టి ముందు స్టార్టరు పెట్టె తెరవమన్నాడు. స్తంభం వైపు నుంచి వచ్చే అల్యూమినియం వైరుకు రాగి లగ్గు పెట్టి సుత్తితో కొట్టి ఉంది, దాని చుట్టూ విభూతి రాలినట్టు తెల్లని పొడి. ఆ ఒక్క ఫేజు వచ్చీ రానట్టు ఉండేసరికి మోటారు రెండు ఫేజుల మీదే నడిచి, మిగిలిన రెండింటిలో కరెంటు పెరిగి, వైండింగు మాడింది. ఓవర్‌లోడు రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) ఉంది గానీ, ఎప్పుడో అడ్డం వస్తోందని మేమే దాన్ని చివరిదాకా తిప్పి పెట్టాము. ఆ తప్పు మాది. రెండుసార్లు మోటారు పైకి తీయించి, మళ్లీ దించిన కూలి లెక్క వేసుకుంటే మంచి క్రింపింగ్ పనిముట్లు నాలుగు వచ్చేవి.

అల్యూమినియం వైరుకు ఏ లగ్గు పెట్టాలో ప్యానెల్‌బోర్డు గారు చెబితే ఇలాంటి రైతులకు ఉపయోగపడుతుంది.


ప్యానెల్‌బోర్డు

బోరుమోటారు అన్నా, ఆ తెల్లని పొడి అల్యూమినియం తుప్పే. రాగి, అల్యూమినియం తడిలో కలిసి ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, ఆ బేరంలో అరిగిపోయేది అల్యూమినియమే. దానికి తోడు అల్యూమినియం ఒలిచిన కొద్ది క్షణాలకే దాని మీద కరెంటును అడ్డుకునే ఆక్సైడు పొర ఏర్పడుతుంది.

అల్యూమినియం తీగ నుంచి రాగి లేదా ఇత్తడి టెర్మినల్‌కు వెళ్లేటప్పుడు బైమెటల్ లగ్గు వాడాలి. దానికి గొట్టం అల్యూమినియంది, ముందరి పలక రాగిది. రెంటినీ కర్మాగారంలోనే అతికి ఇస్తారు. తీగ కొసను వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, వెంటనే జాయింటింగ్ కాంపౌండు (ఆక్సైడు మళ్లీ కట్టకుండా కాపాడే లేపనం) పూసి, లగ్గులోకి తోసి నొక్కాలి. మీది 16 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దానికి మనం ఇంతసేపూ మాట్లాడుకున్న చేతి ప్లయరు చాలదు, రెండు చేతులతో నొక్కే పొడవాటి పిడుల పనిముట్టు గానీ హైడ్రాలిక్ గానీ కావాలి. కొనే పని లేదు, ప్యానెళ్లు కట్టే ఏ షెడ్డులోనైనా ఆరు లగ్గులు నొక్కించుకోవచ్చు. సుత్తి మాత్రం వద్దు, దానితో నొక్కు సమంగా పడదు. మీటరు వైపు పని ఏదున్నా లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే ముట్టుకోండి. రిలేను మోటారు పలక మీద రాసిన ఆంపియర్లకు సర్దుకోండి, 5 హెచ్‌పీకి అది సుమారు ఏడున్నర ఉంటుంది.


ఎడారిగాలి

చిన్న చేర్పు. ఇంటిపని గారి కింది అంతస్తు ఎప్పటిదో తెలియదు గానీ, పాత ఇళ్లలో 3/20 వైరు కనిపిస్తుంది. అంటే 20 గేజి తీగలు మూడు. అది రెండున్నర వైరే అని చెబుతారు గానీ, లెక్క వేస్తే రెండు చదరపు మిల్లీమీటర్ల లోపే వస్తుంది. ఆ మూడు బిరుసు తీగలు ఫెర్రూల్‌లో సరిగా నలగవు, వాటిని నేరుగా స్క్రూ కింద పెట్టడమే మంచిది. గీజరు లోపల థర్మోస్టాట్ దగ్గర ఉండే గుచ్చుడు లగ్గులను కూడా పీవీసీ తొడుగున్నవాటితో మార్చకండి, అక్కడి వేడికి ఆ తొడుగు నిలవదు. సర్వీసు చేసేవారి దగ్గర వేడికి తట్టుకునే స్లీవుతో వచ్చేవి అడగండి.


ఇంటిపని

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పని నిన్ననే ముగిసింది. డైలు మారే రాచెట్ ప్లయరు, చతురస్రంగా నొక్కే ఫెర్రూల్ ప్లయరు, ఒక స్ట్రిప్పరు కొన్నాను. పాత పొట్లాన్ని పారేసి పేరున్న రాగి లగ్గులు తెచ్చాను.

మొదట మా ఎలక్ట్రీషియన్‌కు ఈ వ్యవహారం నచ్చలేదు. "ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను" అన్నాడు. వాదించకుండా పోర్టికోలో నీళ్ల క్యాను పరీక్ష పెట్టాము. కటింగ్ ప్లయరుతో అతను నొక్కిన లగ్గుకు ఖాళీ క్యాను తగిలించి చెంబుతో నీళ్లు పోస్తూ పోయాను. సగం దాటేసరికి వైరు చప్పుడు లేకుండా జారి బయటికి వచ్చింది. రాచెట్‌తో నొక్కిన మొదటి లగ్గు కూడా ఇటుక పెట్టగానే జారింది! మీరు చెప్పినట్టు పళ్లచక్రాన్ని ఒక గంటు తిప్పాక రెండోది, మూడోది నిమిషం పాటు అలాగే నిలబడ్డాయి. ఆ తరువాత అతను ఇంకేమీ అనలేదు. మిగిలిన తీగ ముక్కల మీద తానే ఇంకో నాలుగు నొక్కి పరీక్షించుకున్నాడు.

మొన రకం సాకెట్లన్నిటికీ ఫెర్రూళ్లు తొడిగాము, పలక రకంవాటికీ ఎంసీబీలకూ తీగ నేరుగా పెట్టాము, లూపుల దగ్గర జంట ఫెర్రూళ్లు వాడాము. ఎర్తు బస్‌బారుకు అన్నీ రింగు లగ్గులే. ఎంసీబీ కాగితంలో 2 న్యూటన్ మీటర్లు బిగించమని ఉంటే టార్క్ స్క్రూడ్రైవరు (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది) కోసం వెతికాము, చివరికి సోలారు ప్యానెళ్లు బిగించే ఒక మిత్రుడి దగ్గర దొరికింది.

పనిలో పనిగా కింది అంతస్తు సాకెట్లను కూడా ఒక్కొక్కటే విప్పి చూశాము. అక్కడ ఉన్నది 3/20 కాదు, పోగుల వైరే. పదకొండింటిలో నాలుగింట్లో లగ్గులు చేతితో లాగితేనే ఊడివచ్చాయి. వాటిలో ఒకటి ఫ్రిజ్ సాకెట్టు ఎర్తు తీగది. టెస్టరుతో చూస్తే ఫేజు వస్తోంది, ఫ్రిజ్ నడుస్తోంది, కాబట్టి ఎర్తు లేదన్న సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. దానికి రింగు లగ్గు పడదు, మొన రకం టెర్మినలే, అందువల్ల ఫెర్రూల్ తొడిగి బిగించాము. ప్లయర్లు రెండూ ఇప్పుడు మా ఎలక్ట్రీషియన్ దగ్గరే ఉన్నాయి, కాజీపేటలో ఇంకో ఇంటి పని మొదలైందని అడిగి తీసుకుపోయాడు.